మా వరి మడికి ఖతర్ గ్యాస్

2024 ఫిబ్రవరి 6న గోవాలో ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మన పెట్రోనెట్ ఎల్ఎన్‌జీ సంస్థ ఒకవైపు, ఖతర్ ఎనర్జీ ఇంకోవైపు. 2028 నుంచి 2048 దాకా, ఇరవై ఏళ్ల పాటు, ఏటా 75 లక్షల టన్నుల ద్రవ సహజ వాయువును వాళ్లు అమ్మాలి, మనం కొనాలి. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నేను చేసిన మొదటి పని, వేళ్ల మీద వయసులు లెక్కపెట్టుకోవడం. 2048 నాటికి మా బాపుకు తొంభై నాలుగు. నాకు అరవై తొమ్మిది. మా తమ్ముడికి అరవై దాటుతాయి. తొమ్మిదో తరగతిలో ఉన్న నా కొడుకు అప్పటికి నడివయసుకు దగ్గరవుతాడు.

ఎక్కడి ఖతర్, ఎక్కడి దేవరుప్పుల అని మీరు అనుకోవచ్చు. జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీద బస్సు దిగితే మా ఊరు. సముద్రం మాకు చాలా దూరం. కానీ ఆ ఒప్పందానికి రెండు కొసలూ మా ఇంట్లోనే ఉన్నాయి. మా తమ్ముడు ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో పైప్ ఫిట్టర్. గ్యాస్‌ను నౌకల్లోకి ఎక్కించే ఊరది. మా బాపు దేవరుప్పులలో మూడెకరాలు వరి వేస్తాడు. ఆ గ్యాస్‌లో కొంత చివరికి వచ్చి చేరేది అలాంటి మడుల్లోకే.

గ్యాస్ అనగానే అందరికీ వంటింటి సిలిండర్ గుర్తొస్తుంది. నేను చెప్పేది దాని గురించి కాదు. సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ఇది మీథేన్. మా ఇంట్లోకి ఇది మంటలా రాదు, తెల్లటి గుళికల్లా, బస్తాలో వస్తుంది. దాని పేరు యూరియా.

గాలి ఫ్రీ, పట్టుకోవడం ఫ్రీ కాదు

నేను జనగామ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్తాను. అమ్మోనియా తయారీ పాఠం ఏటా చెప్పేదే. గాలిలో నూటికి డెబ్బై ఎనిమిది పాళ్లు నత్రజని. మొక్కకు కావలసింది అదే, కానీ నేరుగా తీసుకోలేదు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్, కార్ల్ బాష్ దానికి దారి కనిపెట్టారు. 1913లో ఓపావులో మొదటి ఫ్యాక్టరీ నడిచింది. మీథేన్‌కు ఆవిరి పట్టించి హైడ్రోజన్ తీస్తారు. ఆ హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో నాలుగైదు వందల డిగ్రీల వేడిలో, భారీ ఒత్తిడిలో కలిపితే అమ్మోనియా వస్తుంది. దానికి కార్బన్ డయాక్సైడ్ కలిపితే యూరియా. ఆ కార్బన్ డయాక్సైడ్ కూడా అదే మీథేన్ నుంచి వచ్చిందే.

ఇదంతా ఒకరోజు బాపుకు చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి అడిగాడు.

"గాలి నుంచే చేస్తరా బిడ్డా? గాలి ఫ్రీయే గద. మరి మమ్ముల లైన్ల నిలబెట్టుడేంది?"

"గాలి ఫ్రీయే బాపూ. గాలిని పట్టే గ్యాస్ ఫ్రీ గాదు."

అది ఎంత ఫ్రీ కాదో ఒక లెక్క వేసి చూపించాను. ప్రపంచ మార్కెట్లో గ్యాస్ ధర చెప్పేది ఎంఎంబీటీయూ అనే కొలతలో. కొత్త ఫ్యాక్టరీలు టన్ను యూరియా చేయడానికి సుమారు 20 నుంచి 22 ఎంఎంబీటీయూల గ్యాస్ తీసుకుంటాయి. మన బస్తా 45 కిలోలు. భాగించి చూస్తే బస్తాకు అటూ ఇటుగా ఒక ఎంఎంబీటీయూ. అంటే టీవీలో "గ్యాస్ ధర పది డాలర్లు" అని చెప్తే, ఒక యూరియా బస్తాలో పది డాలర్ల గ్యాస్ ఉందన్నమాట. మన రూపాయల్లో ఎనిమిది వందల పైమాటే. ఫ్యాక్టరీ ఖర్చు, లారీ కిరాయి ఇంకా కలపలేదు. బస్తా మీద రైతు కట్టేది 266 రూపాయల 50 పైసలు. మిగతాది ప్రభుత్వ సబ్సిడీ.

ఈ ఏర్పాటు రైతుకు మంచే చేసింది. ప్రపంచంలో యుద్ధాలు వచ్చినా, గ్యాస్ ధర ఆకాశానికి ఎక్కినా మా బాపు బస్తాకు కట్టేది మారలేదు. కానీ ఇంకో సంగతి కూడా జరిగింది. ధర కదలదు కాబట్టి, బస్తా వెనకాల ఏం జరుగుతుందో రైతుకు తెలిసే దారి మూసుకుపోయింది. సరుకు కరువైనప్పుడు ధర ముందుగా చెప్పదు, షాపు ముందరి లైనే చెప్తుంది.

2025 వానాకాలంలో ఆ లైను తెలంగాణ అంతా చూసింది. వరి పిలకలు వేసే దశలో యూరియా పడాలి. వారం ఆలస్యమైతే ఆ పిలక ఇక రాదు. చెప్పులు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, ఆధార్ జిరాక్సులు వరసలో పెట్టి, పక్కన చెట్టు కింద మనుషులు కూర్చున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మా బాపు మూడు పొద్దులు తిరిగి రెండు బస్తాలు తెచ్చాడు. మూడో రోజు పొద్దున నాలుగు గంటలకే పోయాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి.

దానికి ఒక్క కారణం చెప్తే తప్పవుతుంది. వానలు బాగా పడి వరి సాగు పెరిగింది. చైనా కొంతకాలంగా యూరియా ఎగుమతులు బిగించింది. ఎర్ర సముద్రంలో దాడుల వల్ల నౌకలు చుట్టూ తిరిగి వచ్చాయి. పడమటి ఆసియాలో యుద్ధం. ఇక్కడ రామగుండం ఫ్యాక్టరీలో సాంకేతిక లోపాలతో ఉత్పత్తి ఆగింది. దేశంలో 2024-25లో వాడిన యూరియా దాదాపు 390 లక్షల టన్నులు. ఇక్కడ తయారైంది 300 లక్షల టన్నుల పైచిలుకు. మిగతాది ఒమన్, ఖతర్, సౌదీ, రష్యా లాంటి దేశాల నుంచి రావాలి. అవన్నీ గ్యాస్ ఉన్న దేశాలే. యూరియా మోసుకొచ్చే నౌక కూడా ఒక లెక్కన గ్యాస్ నౌకే. ఇక్కడ తయారైన యూరియాలో కూడా చాలా భాగం దిగుమతి గ్యాస్‌తో చేసిందే.

కాళ్ల కింద బొగ్గు, ఫ్యాక్టరీకి గ్యాస్

రామగుండం పేరు మా దిక్కు రైతులకు కొత్త కాదు. పాత ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పుడది సింగరేణి బొగ్గుతో యూరియా చేసేది. ఆ పద్ధతి సరిగా కుదరలేదు, నష్టాలు పేరుకుని 1999లో మూతపడింది. అదే చోట ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్త ఫ్యాక్టరీ కట్టారు. 2021 మార్చిలో వ్యాపార ఉత్పత్తి మొదలైంది. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. ఇది బొగ్గు వాడదు. ఆంధ్ర తీరం వైపు నుంచి వందల కిలోమీటర్ల పైపులైన్ వేసి గ్యాస్ తెచ్చారు.

ఇటు భూపాలపల్లిలో బొగ్గు, అటు గోదావరిఖనిలో బొగ్గు. నడుమ ఉన్న ఫ్యాక్టరీకి మాత్రం సముద్రం నుంచి గ్యాస్. బాపుకు ఇది వింతగా తోచింది. "ఇంట్ల ఉన్నది ఇడిసిపెట్టి ఊర్లె అడుక్కున్నట్టు" అన్నాడు. గ్యాస్‌తో యూరియా చేయడం చవక, శుభ్రం, సులువు అని చెప్పాను. ఒప్పుకున్నట్టే తల ఊపాడు కానీ ఒప్పుకోలేదు.

నిజానికి గ్యాస్ కూడా మన ఇంట్లో ఉందని నమ్మిన రోజులున్నాయి. 2002లో కృష్ణా-గోదావరి సముద్ర తీరంలో రిలయన్స్‌కు డీ6 గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైన్ తెలంగాణ మీదుగా పోయింది. రోజుకు 80 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 60 దాటింది. తర్వాత మూడు నాలుగేళ్లలోనే అందులో నాలుగో వంతుకు పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్మి వేమగిరి, జేగురుపాడు, పెద్దాపురం ప్రాంతాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. సామర్లకోటలో కట్టిన ప్లాంటుకైతే గ్యాసే రాలేదు. అందులోని కొన్ని యంత్రాలు చివరికి బంగ్లాదేశ్‌కు పోయాయి.

బోర్లు వేసే ప్రాంతం మాది. ఈ కథ మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది మూడించుల నీళ్లు పోసిన బోరును చూసి నాలుగెకరాలు నాటేసినవాడు, మూడో ఏడాది ఎండిన మడి గట్టు మీద కూర్చుంటాడు. కృష్ణా-గోదావరిలో అదే పెద్ద లెక్కలో జరిగింది. ఆ తర్వాత దేశం నౌకల వైపు చూడక తప్పలేదు. ఇప్పుడు మనం వాడే సహజ వాయువులో దాదాపు సగం బయటి నుంచే వస్తుంది. అందరికంటే ఎక్కువ ఇచ్చేది ఖతర్.

ఇరవై ఏళ్ల సంతకం ఎందుకు?

గ్యాస్‌ను పెట్రోలు మాదిరి డ్రమ్ముల్లో పోసి పంపలేం. మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చితే ద్రవమై ఆరు వందల వంతుల్లో ఒక వంతుకు కుంచించుకుపోతుంది. అప్పుడే నౌకకు పనికొస్తుంది. 1959లో 'మీథేన్ పయనీర్' అనే నౌక అమెరికా నుంచి ఇంగ్లండుకు ఇట్లా మొదటిసారి మోసుకెళ్లింది. 1964లో అల్జీరియా నుంచి, 1969లో అలాస్కా నుంచి జపాన్‌కు వ్యాపారం నడిచింది. మన దహేజ్ టెర్మినల్‌కు ఖతర్ గ్యాస్ రావడం 2004లో మొదలైంది.

చల్లార్చే ఫ్యాక్టరీ, నౌకలు, దించుకునే టెర్మినల్, పైపులైన్ అన్నీ ముందే కట్టాలి. వేల కోట్ల పని. అప్పిచ్చే బ్యాంకు అడిగేది ఒకటే: సరుకు కొనేవాడెవడు? బర్రెకు లోను కావాలంటే పాలకేంద్రం కాగితం తెమ్మన్నట్టే ఇది కూడా. అందుకే ఈ వ్యాపారంలో ఇరవై, ఇరవై ఐదేళ్ల ఒప్పందాలు. 2022లో చైనా కంపెనీ సైనోపెక్ ఖతర్‌తో ఏకంగా 27 ఏళ్లకు సంతకం చేసింది.

సంతకం పెట్టిన ధర అన్నేళ్లూ ఒకేలా ఉండదు. దానికొక సూత్రం ఉంటుంది. మన ఖతర్ ఒప్పందంలో అది చమురు ధరతో ముడిపడి ఉంది. 2015లో చమురు ధర పడిపోయింది. పాత సూత్రం అయిదేళ్ల సగటు చూసేది కాబట్టి మనకు మాత్రం ఖరీదు తగ్గలేదు. బయట చవగ్గా దొరుకుతుంటే మనవాళ్లు ఒప్పందం సరుకు పూర్తిగా తీసుకోలేదు. కాగితం ప్రకారం దాదాపు 12 వేల కోట్ల రూపాయల జరిమానా కట్టాలి. 2015 డిసెంబర్ 31న కూర్చుని మాట్లాడుకుంటే ఖతర్ ఆ జరిమానా మాఫీ చేసింది, సూత్రం మార్చింది, ధర ఇంచుమించు సగానికి దిగింది. మంచి కొనుగోలుదారును పోగొట్టుకోవద్దన్న జ్ఞానం వాళ్లకు ఉంది. బేరమాడే బలం మనకూ ఉందని అప్పుడు తేలింది.

ఒప్పందం లేకుండా ఏ రోజుకారోజు కొనుక్కుంటే ఎలా ఉంటుందో 2022 చూపించింది. 2020లో ఆసియా మార్కెట్లో ఎంఎంబీటీయూ రెండు డాలర్ల దగ్గర దొరికిన గ్యాస్, రష్యా-ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక అరవై డాలర్లు దాటింది. ఒక యూరియా బస్తాలో నాలుగున్నర వేల రూపాయల గ్యాస్ అన్నమాట. యూరప్ ఎంతైనా పెట్టి కొన్నది. పాకిస్థాన్, బంగ్లాదేశ్ ఆ ధరకు కొనలేక చీకట్లో కూర్చున్నాయి. మనకు కూడా, గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థతో గెయిల్ చేసుకున్న ఇరవై ఏళ్ల ఒప్పందం కింద రావాల్సిన నౌకలు ఆ ఏడాది ఆగిపోయాయి. ఖతర్ నౌకలు మాత్రం వచ్చాయి. 2022-23లో దేశం ఎరువుల సబ్సిడీ మీద పెట్టిన ఖర్చు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది.

కాబట్టి 2048 సంతకాన్ని నేను తప్పు పట్టను. తిండి గింజల దేశానికి అది ఒక ధీమా. నా అనుమానం వేరే.

ఆ రాత్రి ఫోను

2025 జూన్ 23, సోమవారం. రాత్రి పది దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎప్పుడూ శుక్రవారం చేసే మనిషి.

"అక్కా, టీవీ పెట్టినవా? దోహా దిక్కు ఆకాశంల మెరుస్తున్నయి. మాకు దూరమే. అమ్మకు చెప్పకు."

ఖతర్‌లో ఉన్న అమెరికా వైమానిక స్థావరం అల్ ఉదీద్ మీదికి ఇరాన్ క్షిపణులు వదిలిన రాత్రి అది. అంతకు తొమ్మిది రోజుల ముందు ఇరాన్ వైపున్న సౌత్ పార్స్ గ్యాస్ క్షేత్రం మీద ఇజ్రాయెల్ దాడి చేసింది. ఖతర్ నార్త్ ఫీల్డ్, ఇరాన్ సౌత్ పార్స్ రెండు పేర్లే గానీ సముద్రం అడుగున ఒక్కటే క్షేత్రం. అన్నదమ్ముల పొలానికి నడుమ గట్టు ఉన్నట్టు, పైన మాత్రమే సరిహద్దు.

ఖతర్ నుంచి బయల్దేరే ప్రతి గ్యాస్ నౌకా హార్ముజ్ జలసంధి దాటాలి. వేరే దారి లేదు. ప్రపంచ ఎల్ఎన్‌జీ వ్యాపారంలో అయిదో వంతు ఆ ఇరుకు దారిలోంచే పోతుంది. ఒక మోస్తరు నౌకలో పట్టే గ్యాస్‌తో ముప్పై లక్షలకు పైగా యూరియా బస్తాలు చేయొచ్చు. ఆ నెలలో ఇరాన్ పార్లమెంటు జలసంధి మూయాలని తీర్మానం చేసింది. మూయలేదు. యుద్ధం పన్నెండు రోజులకు ఆగింది.

ఆ రాత్రి నేను గ్యాస్ గురించి, యూరియా గురించి ఆలోచించలేదు. తమ్ముడి గురించే ఆలోచించాను. వాడు పదకొండేళ్ల కింద పోయాడు. అప్పుడు మూడు బోర్లు ఎండిపోయి, చెల్లె పెళ్లి అప్పు మీద పడి ఉంది. ఎండాకాలంలో జూన్ నుంచి సెప్టెంబరు నడిమి దాకా పది గంటల నుంచి మూడున్నర వరకు బయటి పని ఆపాలని అక్కడ రూలు. అందుకని పొద్దున చీకట్లోనే డ్యూటీకి పోతాడు. మా ఇంటి స్లాబు, బాపు కంటి ఆపరేషన్, నా కొడుకు సైకిల్ అన్నీ ఆ చీకట్లోంచి వచ్చినవే. ఖతర్ ఇప్పుడు తన సామర్థ్యాన్ని ఏటా 77 మిలియన్ టన్నుల నుంచి 2030 కల్లా 142 మిలియన్ టన్నులకు పెంచుతోంది. అక్కడ పని ఇంకా కొన్నేళ్లు ఉంటుంది. అది తలుచుకుంటే సంతోషమే. కానీ వాడి పని సాగాలంటే ప్రపంచం గ్యాస్ కాలుస్తూనే ఉండాలి. ప్రపంచం గ్యాస్ కాలుస్తూ పోతే బాపు వాన లెక్క ఇంకా తప్పుతుంది. ఒక్క ఇంట్లోనే ఇన్ని చిక్కుముళ్లుంటే ప్రపంచాన్ని ఏమనగలం!

చవక రోజులు వస్తే

ముందు ముందు ఏం జరగొచ్చు? అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ఏటా 300 బిలియన్ ఘనపు మీటర్ల కొత్త ఎల్ఎన్‌జీ సామర్థ్యం వస్తుంది. ఎక్కువ భాగం అమెరికా, ఖతర్‌ల నుంచే. 2016 ఫిబ్రవరిలో సబీన్ పాస్ నుంచి మొదటి నౌక పంపిన అమెరికా, 2023కల్లా ప్రపంచంలోనే పెద్ద ఎగుమతిదారు అయింది. అమ్మేవాళ్లు పెరుగుతున్నారు. జపాన్ వాడకం తగ్గుతోంది. యూరప్ సోలార్, గాలిమరల వైపు పోతోంది. చైనాకు రష్యా నుంచి పైపులైన్ ఉంది. అందుకే కొన్నేళ్లు గ్యాస్ చవకయ్యే అవకాశం కనిపిస్తోంది. చౌక సరుకు కొనడానికి అందరూ వేలు చూపిస్తున్నది మన వైపే. దేశ ఇంధనంలో గ్యాస్ వాటా ఇప్పుడు ఆరు శాతం. 2030 నాటికి 15 చేయాలని ప్రభుత్వ లక్ష్యం. 2018లో జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాలను కలిపి ఒక గ్యాస్ పంపిణీ ప్రాంతంగా మేఘా ఇంజినీరింగ్‌కు ఇచ్చారు. ఆటోలకు సీఎన్‌జీ మా దిక్కూ వచ్చింది.

నా అనుమానం ఇక్కడే. కరెంటుకు గ్యాస్ లేకపోతే సోలార్ ఉంది. ఆటోకు గ్యాస్ లేకపోతే బ్యాటరీ ఉంది. యూరియాకు మాత్రం ఇప్పటికి చేతికందే ప్రత్యామ్నాయం లేదు. గ్యాస్ చవగ్గా దొరికే అయిదారేళ్లు ఏదో రోజు అయిపోతాయి. ఈలోగా మనం ఇంకా ఎక్కువ గ్యాస్‌కు అలవాటు పడతామా, లేక ఆ తీరికలో అవసరం తగ్గించుకుంటామా? 2048 ఒప్పందం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. గడువు మాత్రమే చెప్తుంది.

కాకినాడలో ఏఎం గ్రీన్ సంస్థ ఏటా పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా లక్ష్యంతో పని చేస్తోంది. సోలార్, పవన కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి చేసేది అది. మంచి దారే. కానీ ముందు కొనేవాళ్లు యూరప్‌లో కనిపిస్తున్నారు. ఇంకో చిక్కు కూడా ఉంది. యూరియాకు కార్బన్ కావాలి. నీళ్ల నుంచి తీసిన అమ్మోనియాలో కార్బన్ ఉండదు, దాన్ని వేరే చోట నుంచి తేవాలి. కాబట్టి గ్రీన్ అమ్మోనియా వచ్చినంత మాత్రాన యూరియా బస్తా దానంతట అది రాదు.

మరి చేతిలో ఉన్నదేంటి? వరి మడిలో చల్లిన యూరియాలో మొక్కకు అందేది నూటికి ముప్పై నలభై పాళ్లే. మిగతాది గాలిలోకి, నీళ్లలోకి పోతుంది. అంటే మా బాపు లైన్లో నిలబడి తెచ్చిన రెండు బస్తాల్లో ఒక బస్తాకు పైగా మడి తినలేదు. ఆకు రంగు చూసి విడతలుగా వేయడం, నాటుకు ముందు జీలుగ, జనుము చల్లి దున్నడం కొత్త విద్యలేం కావు. కంది, పెసర, పల్లి వేర్లలో ఉండే రైజోబియం బాక్టీరియా అయితే నాలుగు వందల డిగ్రీలు లేకుండా, ఖతర్ లేకుండా, మన ఎండలోనే గాలి నుంచి నత్రజని పడుతుంది. మా చిన్నప్పుడు దేవరుప్పుల చుట్టుపక్కల జొన్నలో కంది సాళ్లుండేవి. ఇప్పుడు ఎటు చూసినా వరి.

ఆ మాట అన్నందుకు బాపు నన్ను గట్టిగానే పట్టుకున్నాడు.

"కంది పెట్టుమంటవు. వడ్లయితే సెంటర్ల కొంటరు. కంది ఎవడు కొంటడు? పల్లి పెట్టుమంటవు. కోతులకా, అడివి పందులకా?"

దీనికి నా దగ్గర రసాయన శాస్త్రంలో జవాబు లేదు. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369. కాగితం మీద కంది గెలుస్తుంది. కల్లంలో వడ్లు గెలుస్తాయి, ఎందుకంటే వడ్లు కొనే సెంటర్ ఊరికి దగ్గర్లో ఉంటుంది. ఖతర్‌కు ఇరవై ఏళ్ల భరోసా ఉంది కాబట్టి అది సముద్రంలో బావులు తవ్వుతోంది. రైతు కూడా అంతే. రెండు మూడేళ్లయినా నమ్మకంగా కొంటామంటే కంది వేస్తాడు. భరోసా లేని పంట వెయ్యమనడం, కొనేవాడు లేకుండా గ్యాస్ ఫ్యాక్టరీ కట్టమన్నట్టు.

అదే మాట ఆయన తన భాషలో అన్నాడు. "ఇరవై ఏండ్లకు సంతకం పెట్టినోళ్లు, నాకు ఈ నెల బస్తా ఎప్పుడొస్తదో చెప్పలేరా?"

వడ్ల లెక్క బయటివాళ్ల చేతిలో ఉండటం ఈ మట్టికి కొత్త కాదు. మా మండలంలోని కడవెండిలోనే 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ రోజుల్లో లెవీ ధాన్యం గడీ వాకిట్లో కొలిచేవాళ్లు, ఎవరు తీసుకుంటున్నారో కళ్లకు కనిపించేది. ఇప్పుడు మన వరి జాతకం హార్ముజ్ దగ్గర ఒక నౌక, లండన్‌లో ఒక ధరల తెర, రామగుండంలో ఒక కంప్రెసర్ కలిసి రాస్తున్నాయి. వాటిని ఎవరూ మనకు చూపించరు. కనీసం ఒక్క పని చేయొచ్చు. ఈ నెలలో జిల్లాకు ఎంత యూరియా వస్తుంది, ఏ నౌక ఆలస్యమైంది, ఏ ఫ్యాక్టరీ ఆగింది అన్నది వాన కబురు చెప్పినట్టు ముందే చెప్పొచ్చు. అప్పుడు రైతు నాటు ముందుకో వెనక్కో జరుపుకుంటాడు, జీలుగ చల్లుకుంటాడు. నాలుగు గంటలకు లేచి చెప్పులు పెట్టడు.

ఈ యాసంగికి మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. తమ్ముడు ఫోన్లోనే ఉన్నాడు. చివరికి రెండున్నర ఎకరాలు వరి, అరెకరం పల్లి అని తేలింది. పల్లికి చుట్టూ జాలి కంచె వేయాలి. దానికయ్యే డబ్బులు తమ్ముడు పంపిస్తానన్నాడు. గ్యాస్ జీతంలోంచే.